నోరీన్ కాలికి సరిపడే బ్రేకు

పాంటియాక్, మిషిగన్
మార్చి 14, 2004

ఒరేయ్ రస్,

ఈ లావు నల్ల అక్షరాలు చూసి అన్నయ్యకి మతి పోయిందనుకోకు. అట్టపెట్టెల మీద పేర్లు రాసే మార్కరుతో రాస్తున్నాను. దీంతో రాస్తేనే నా రాత నాకు కనిపిస్తోంది. ఫోను చేద్దామంటే, కార్ల ఫ్యాక్టరీలో రేకులు అచ్చుగుద్దే ప్రెస్సుల పక్కన పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాడివి. చెవిటివాడి ముందు శంఖం ఊదడం దేనికని ఉత్తరమే రాస్తున్నాను.

కంటి డాక్టరు మళ్ళీ చూశాడు. చూపు మధ్యలో ఉన్న మచ్చ పెద్దదయిందట. పక్కలన్నీ కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నదే కనిపించదు. మీ వదిన నోరీన్ మొహం చూడాలంటే ఆమె చెవి వైపు చూడాలి. పగటిపూట, తెలిసిన దారిలో, దగ్గరి పనులకి నడుపుకోవచ్చు అన్నాడు. అదీ మొహమాటానికి అన్నాడని నాకు తెలుసు. సెప్టెంబరులో లైసెన్సు కొత్తది చేయించుకోవాలి. కంటి పరీక్షలో నేను గట్టెక్కను.

ఇప్పుడు బండి సంగతి. మన అరవై ఎనిమిది మోడలు జి.టి.ఓ. కారుని కొన్నప్పటి నుంచీ వేసవిలో బుధవారం సాయంత్రాలు నేను వుడ్‌వర్డ్ రోడ్డు మీద నడుపుతున్నాను, నోరీన్ పక్కన కూర్చుంటోంది. అది మానేస్తే నా వారంలో ఇంక మిగిలేది మందుల డబ్బా. అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. నోరీన్ నడుపుతుంది, నేను పక్కన కూర్చుంటాను.

చిక్కల్లా బ్రేకుల దగ్గరే. పాత డ్రమ్ము బ్రేకులు, పవర్ సాయం లేనివి. బండి ఆగాలంటే నా కాలు లాంటి కాలు ఉండాలి. నోరీన్ మోకాలు అరిగిపోయింది. పోయిన అక్టోబరులో చర్చి ఆవరణలో నడిపించి చూశాను. పాపం రెండు కాళ్ళతో తొక్కింది. బండి తాపీగా వెళ్ళి పాస్టరు గారి పూలపొదలో ఆగింది. అందుకే ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, తేలిగ్గా తొక్కడానికి పవర్ బూస్టరు తెప్పించాను. నేనే బిగిస్తాను. నోరీన్ నడపగలిగితే బండి మన ఇంట్లో ఉంటుంది. నడపలేకపోతే మా పాత కార్ల క్లబ్బులో డెల్మర్ ఎప్పుడంటే అప్పుడు కొనడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఇక్కడ ఇంకా మంచు పడుతోంది. అది కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉన్నారు. నేను అలిసిపోయాను, రస్. ఊరికే కూర్చునే అలిసిపోతున్నాను.

నీ అన్నయ్య,
ఎల్డన్


యూమా, అరిజోనా
మార్చి 27, 2004

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి బయటికి పోయి కూర్చున్నాను. నేనుండే ట్రెయిలరు ఇంట్లో కూలరు పాడైంది, లోపల ఎలాగూ ఉండలేను.

నీ కళ్ళ సంగతి విని బాధగా ఉంది. అది వేరు. కానీ ఆ బ్రేకులు తీసేస్తానని ఎలా రాయగలిగావు? ప్రెస్సుల షాపుకి మార్చక ముందు నేను ఏ లైనులో ఉండేవాణ్ణో మర్చిపోయావా? బ్రేకుల లైను. మొదటి షిఫ్టు. మాలో ప్రతివాడికీ ఒక రంగు ఉండేది. బిగించిన వాడు డ్రమ్ము వెనకుండే రేకు పళ్ళెం మీద తన రంగు చుక్క పెట్టి పంపాలి. నాది పసుపు. నీ బండి మన ఫ్యాక్టరీలో తయారైన వారం నేను పనిలో ఉన్నాను. నీ బండిని ఇన్నేళ్ళూ ఆపుతున్నది నా చేతి పని. నేను జీవితంలో ఇంకేం చేశానని? పెళ్ళి నిలబెట్టుకోలేదు, ఇల్లు నిలబెట్టుకోలేదు. ఆ పని మాత్రం నిలిచింది.

ఇదంతా వదిన పని అని నాకు తెలుసు. ఆమె పూలపొదలోకి తోలితే బండికి ఆపరేషనా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. వదినకి బండి అంటే కాఫీ కప్పు పెట్టుకునే చోటు ఉంటే చాలు. ఆమె మాట కాదనే ధైర్యం నీకు పెళ్ళినాడే పోయింది.

ఇంకో మాట. డెల్మర్ నాకు కార్డు రాశాడు. "మీ అన్న డిస్కులు వేస్తున్నాడు, అమ్మకానికే అయ్యుంటుంది" అని. బయటివాడు చెబితే నాకు తెలియాలా? అమ్మేట్టయితే అమ్ముతున్నానని చెప్పు. కళ్ళ మీదా కాళ్ళ మీదా పెట్టి తిప్పి రాయకు.

రస్


పాంటియాక్
ఏప్రిల్ 11, ఈస్టర్ ఆదివారం

ఒరేయ్ రస్,

నీ సన్న చేతిరాత నాకు కనపడదు. మరి నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించేది ఎవరనుకున్నావు? మీ వదిన. ఈ ఉత్తరం వచ్చేదాకా ఆమె ఒక్క మాట వదలకుండా చదువుతుందని నాకూ తెలియదు. పూలపొద చదివింది. మద్దెల చదివింది. కాఫీ కప్పు దగ్గర గొంతు సవరించుకుని అదీ చదివింది. అంతా అయ్యాక కాగితం మడిచి, "మీ తమ్ముడి దస్తూరీ మాత్రం ముచ్చటగా ఉంటుంది" అని వంటింట్లోకి వెళ్ళి బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టింది. ఆ రోజంతా నాతో వాతావరణం గురించే మాట్లాడింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోటితో ఊరి దాకా ఎందుకు, ఇంట్లోవాళ్ళే మిగిలేట్టు లేరు.

అమ్మకం మాట అబద్ధం. డెల్మర్‌కి బండి మీద ఆశ, ఆ ఆశతో కార్డు రాశాడు. నేను రాసింది రాసినట్టు నమ్మడానికి నీకేం అడ్డం వచ్చింది?

పాత బ్రేకులు తీసేశాను. మరలు తుప్పు పట్టి మొండికేశాయి. నూనె పోసి, తిట్టి, మళ్ళీ నూనె పోసి తీశాను. నీ పసుపు చుక్క కోసం చూశాను గానీ నాకు రేకు ఎక్కడో చుక్క ఎక్కడో తెలియలేదు. నోరీన్‌ని పిలిచాను. టార్చి పట్టుకుని వంగి, మోకాలు నొప్పంటూ మూలుగుతూనే చూసి, "ఉంది ఎల్డన్, పసుపే" అంది. సంతోషమేగా? పళ్ళేలూ డ్రమ్ములూ పెట్టెలో పెట్టి నీకు పంపిస్తున్నాను. నీ చేతి పని నీ దగ్గరే ఉంచుకో.

మధ్యాహ్నం పండగకని పందిమాంసం హామ్ తిన్నాం. ఇద్దరికీ ఎక్కువైంది. మిగిలింది వారమంతా తినాలి.

ఎల్డన్


పాంటియాక్
మే 16

రస్,

పెట్టె చేరిందని పోస్టాఫీసు వాళ్ళు చెబుతున్నారు. నువ్వు మాత్రం పలకవు. కోపమైతే కోపమనే రాయి. నేనిక్కడ ఎవరితో మాట్లాడాలో తెలియక నీకు రాస్తున్నాను.

కొత్త బ్రేకులు బిగించడం అయింది. డిస్కులు ఎక్కాయి, డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టే క్యాలిపర్లు ఎక్కాయి, బూస్టరు కుదిరింది, గొట్టాలన్నీ కలిపాను. సగానికి సగం తడిమే చేశాను. నోరీన్ దీపం పట్టుకుంటానంది. వద్దన్నాను. నా వేళ్ళకి కళ్ళున్నాయని కోతలు కూడా కోశాను.

కానీ బ్రేకు పట్టడం లేదు. గొట్టాల్లో గాలి ఉండిపోయింది. గాలి ఎలా తీస్తామో నీకు చెప్పక్కర్లేదు. ఆమె సీటులో, నేను కింద పడుకుని. "తొక్కు." తొక్కుతుంది. "అలాగే పట్టుకో." పట్టుకుంటుంది. నేను గాలి వదిలే చిన్న మర, ఆ నిపిల్, వదులు చేస్తే బుడగలతో ఆయిల్ వస్తుంది, బిగిస్తాను. "ఇప్పుడు వదులు." మళ్ళీ మొదటికి. సాయంత్రం తర్వాత సాయంత్రం ఇదే పని. బుడగలు ఆగిపోతాయి, ఆయిల్ శుభ్రంగా వస్తుంది, ఎక్కడా కారడం లేదు. అయినా పెడల్ రొట్టెపిండి మీద కాలేసినట్టు నేల దాకా దిగిపోతుంది. మూలిగే నక్క మీద తాటిపండు అన్నట్టు నోరీన్ మోకాలు వాచింది.

నిన్న కింద నుంచి "తొక్కు" అన్నాను. పెడల్ కదల్లేదు. మళ్ళీ అన్నాను. తలుపు తీసి దిగింది. "ఎల్డన్, నేను ఇంక తొక్కను. నీ మీద కోపం కాదు. నా కాలు ఇంక రాదు" అంది. ఆమె చెప్పులు ఇంట్లోకి వెళ్ళడం వింటూ కిందే పడుకున్నాను.

గ్యారేజీకి తీసుకెళ్ళమంటారు క్లబ్బులో వాళ్ళు. బ్రేకులు బిగించినవాడి అన్ననై ఉండి, బ్రేకులకి ఎవడి దగ్గరికో తోలుకుపోవాలా? సామానే నాసిరకం అని నా అనుమానం. డెల్మర్ ఊరికే పలకరించడానికి వచ్చినట్టు వచ్చి బండి చుట్టూ తిరిగి వెళ్ళాడు. జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం పండగ దాటాక చెబుతానన్నాను. అప్పటికి పెడల్ గట్టిపడకపోతే ఇచ్చేస్తాను. ఈ మాట నీకే రాస్తున్నాను, నోరీన్‌కి చెప్పలేదు.

నీ అన్నయ్య


యూమా
మే 30

అన్నయ్యా,

నీలాగే మార్కరు కొన్నాను. పేజీకి మూడు వాక్యాలు పడుతున్నాయి, కవరు పగిలేలా ఉంది. ఇది నువ్వే చదువుకో. వదిన చేత చదివించకు.

పెట్టె వచ్చిన రోజే విప్పాను. రాయకపోవడానికి కారణం కోపం కాదు.

ఆ చుక్క పసుపు కాదు. నీలం. రెండు పళ్ళేల మీదా నీలమే. కిరసనాయిలుతో తుడిచి, ఎండలో పెట్టి మరీ చూశాను. నీలం రెండో షిఫ్టు వాడిది. వాడి పేరు కూడా నాకు తెలియదు. మేము చేతులు కడుక్కునే వేళకి వాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళు. ఇన్నేళ్ళూ బారుల్లో, పెళ్ళిళ్ళలో, ఈ ట్రెయిలర్ల మధ్య, మా అన్న బండిని ఆపేది నేనే అని చెప్పుకుని తిరిగాను. ఎవడో చేసిన పనికి మీసం మెలేశాను.

వదినకి పసుపూ నీలం తేడా తెలియక కాదు. నేను రాసిన ఆ చెత్త అంతా పైకి చదివాక కూడా, మోకాలి నొప్పితో వంగి చూసి, నాకోసం అబద్ధం చెప్పింది. నాకు సిగ్గేసింది. అందుకే రాయలేదు. చివరి పేజీలో నా మామూలు రాతతో నాలుగు లైన్లు ఉన్నాయి. అవి ఆమెకి. నీకు కనపడవు, కనపడక్కర్లేదు.

ఇప్పుడు పెడల్ సంగతి. ఇక్కడి విడిభాగాల కొట్టుకి నీ ఉత్తరం పట్టుకెళ్ళాను. కొట్టావిడ చదివి నా చెవిలో ఏదో అరిచింది, వినపడలేదు. చివరికి కాగితం మీద రాసి చూపించింది: "నిపిల్ ఎటు చూస్తోంది? పైకా, కిందికా?"

మనం డ్రమ్ముల వాళ్ళం, అన్నయ్యా. డ్రమ్ములో నిపిల్ ఎప్పుడూ పైనే ఉంటుంది, దాని గురించి ఆలోచించే పని లేదు. క్యాలిపర్ అలా కాదట. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. తారుమారు చేసినా చక్కగా బిగుసుకుంటుంది, కానీ నిపిల్ కిందికి వస్తుంది. గాలి పైన కూర్చుంటుంది, నువ్వు కింద నుంచి ఆయిల్ తీస్తూ ఉంటావు. ఏడాదంతా తీసినా బయటికి రాదు.

వెళ్ళి తడిమి చూడు.

రస్


పాంటియాక్
జూన్ 13

తమ్ముడూ,

కిందికే ఉంది. రెండూ నేల చూస్తున్నాయి.

చేత్తో తడిమాను. ఇనుములోనే పోతపోసిన అక్షరాలు ఉన్నాయి, ఎడమదానికి ఎల్, కుడిదానికి ఆర్. అంత పెద్ద అక్షరాలు. దీపం పట్టుకుంటానన్న మనిషిని వద్దన్నాను చూడు, ఆమె చూసి ఉంటే ఆ రోజే చెప్పేది. కళ్ళ వల్ల జరిగిందని సర్దిచెప్పుకుందామనుకున్నాను. కళ్ళ వల్ల కాదు, పొగరు వల్ల. సామానుని తిట్టినందుకు సామానుకి క్షమాపణ చెప్పాను. గ్యారేజీలో ఎవరూ లేరులే.

రెండూ విప్పి మార్చి బిగించాను. ఈసారి నోరీన్ దీపం పట్టుకుంది, నేను అడగకుండానే. తొక్కమని అడగడానికి నోరు రాలేదు. తనే ఎక్కి కూర్చుంది. "ఇదే ఆఖరు, ఎల్డన్. ఇది కాకపోతే డెల్మర్‌కి ఫోను చెయ్యి" అంది. డెల్మర్‌కి నేనిచ్చిన గడువు ఆమెకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఈ ఇంట్లో నేను దాచినవేవీ దాగినట్టు లేవు.

కాసేపటికే పెడల్ పైకొచ్చి ఆగింది. గట్టిగా, రాయిలా. బండి స్టార్టు చేసి బూస్టరు పనిచేస్తుండగా తొక్కమన్నాను. తొక్కింది. వదిలి మళ్ళీ తొక్కింది. నేను కింద నుంచి అరిచాను, "ఏమైంది? దిగిపోతోందా?"

"లేదు," అంది. "ఇంతేనా?"

"ఏమిటి ఇంతేనా?"

"ఇంత తేలికా ఇది? బొటనవేలితో తొక్కుతున్నాను. ఎల్డన్, ఈ సామాను ఎప్పటి నుంచి దొరుకుతోంది?"

చాలా ఏళ్ళ నుంచి అని చెప్పాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"మరి నన్ను ఇన్నేళ్ళు పక్కన ఎందుకు కూర్చోబెట్టావు? నాకు నడపాలని ఉండదా? ఎన్ని బుధవారాలు, ఎల్డన్! కళ్ళు పోతే గానీ నా కాలు గుర్తు రాలేదా నీకు?"

నేను బండి కింద ఉన్నాను, ఆమె పైన ఉంది. పైకి రావాలనిపించలేదు. ఆమెకి బండి ఇష్టం లేదని నేను అనుకున్నాను, రస్. అడగకుండానే అనుకున్నాను.

నీ నాలుగు లైన్లు ఆమెకి ఇచ్చాను. నీ ఉత్తరాల్లో ఆమె నాకు పైకి చదవనిది అదొక్కటే. చదివి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. నీకు రూబార్బ్ పై, ఆ పుల్లటి కాడలు కూరి కాల్చే తీపి రొట్టె, పంపిస్తానంటోంది. అరిజోనా చేరేసరికి జావ అవుతుందని చెప్పాను, వినడం లేదు.

ఎల్డన్


యూమా
జూన్ 24

అన్నయ్యా,

వదిన పంపిన రూబార్బ్ పై వచ్చింది. జావే. గరిటెతో తిన్నాను. బాగుంది.

ఇక్కడ ఎండ మనుషుల్ని కరిగిస్తోంది. పొద్దున్నే లేచి పని చేసుకుంటే సరి, తర్వాత ట్రెయిలరు పెనంలా కాలిపోతుంది.

బ్రేకు బాగుపడింది, సంతోషం. కానీ ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. నువ్వు పక్క సీటులో కూర్చోలేవు. నీ సంగతి నాకు తెలుసు. నాకు పెళ్ళయిన రోజున కూడా తాళం ఇవ్వలేదు నువ్వు, పెళ్ళికొడుకుని నేను వెనక సీటులో కూర్చున్నాను. వదిన రెండు వీధులు నడిపేసరికి "ఆపు, దిగు" అంటావు. సెప్టెంబరు దాకా లైసెన్సు ఉందిగా అని నువ్వే ఎక్కి కూర్చుంటావు. ఆ తర్వాత డెల్మర్‌కి ఇచ్చి, నోరీన్‌కి కుదరలేదని నాకు రాస్తావు.

అలా రాయకు. ఏం జరిగిందో అదే రాయి.

రస్


పాంటియాక్
జూలై 8

రస్,

నిన్న బుధవారం. వెళ్ళొచ్చాం. నువ్వడిగినట్టు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నోరీన్ వీపు వెనక దిండు పెట్టుకుంది, సీటు ముందుకు జరుపుకుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆ వైపు నుంచి ఆ బండి ఎలా ఉంటుందో నాకు అస్సలు తెలియదు. గ్లవ్ బాక్సు మూత కిర్రుమంటుందని ఇన్నేళ్ళకి తెలిసింది. "ఎప్పటి నుంచో చెబుతున్నాను" అంది నోరీన్.

నువ్వన్నది నిజమే, మొదట్లో నరకం. వుడ్‌వర్డ్ మీదికి ఎక్కగానే నా కుడి కాలు దానంతటదే పని మొదలుపెట్టింది. ప్రతి సిగ్నలు దగ్గరా ఆమె కన్నా ముందే నేను నేల తొక్కుతున్నాను. అక్కడ పెడల్ లేదు, రబ్బరు పట్టా ఉంది.

"నోరీన్, ఎర్ర లైటు వస్తోంది."

"కనిపిస్తోంది."

"నెమ్మది, ఇక్కడ దారి ఇరుకు."

"ఎల్డన్, ఆ కాలితో నేలకి చిల్లు పెడతావు. తీసి పక్కన పెట్టుకో."

డైనరు హోటలు ముందు డెల్మర్ వాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చేతులూపారట, నోరీన్ చెప్పింది. నాకు లోలోపల కొంచెం గర్వంగానే ఉంది. నా కాలు ఒక్క సిగ్నలు కూడా తప్పలేదు. ఈమె కన్నా ముందే పసిగడుతున్నాను, ఈ వేసవికి నేనే నడిపినా నష్టం లేదు అనుకున్నాను. ఇంటికి వెళ్ళేటప్పుడు తాళం తీసుకుందామనే అనుకున్నాను. నువ్వు రాసినట్టే.

అప్పుడు బండి ఆగింది. సిగ్నలు లేని చోట, రోడ్డు మధ్యలో, ఒక్కసారిగా. బెల్టు నా ఛాతీకి బిగుసుకుంది. పక్కకి లాగలేదు, కీచుమనలేదు, నిటారుగా ఆగింది. చాలా మంచి బ్రేకు అది.

"ఏమైంది? ఎందుకు ఆపావు?" అన్నాను.

నోరీన్ ఊపిరి వదిలింది. "ఏమీ కాలేదు. దాటేసింది."

"ఏది?"

"ఆవిడ. కొట్టు సామాను బండి తోసుకుంటూ, పెద్దావిడ. మన ముందు నుంచే వెళ్ళింది." తర్వాత నా వైపు తిరిగింది. "ఎల్డన్, నీకు కనపడలేదా?"

లేదు, రస్. నాకు రోడ్డు ఒక్కటే కనిపించింది. ఖాళీ రోడ్డు. ఒక మనిషి, ఒక తోపుడు బండి, సరిగ్గా ముందు. నా కాలు కదల్లేదు. సిగ్నళ్ళ దగ్గర తొక్కానంటే, అవి ఎక్కడున్నాయో నాకు బతుకంతా తెలుసు కాబట్టి తొక్కాను. చూసి కాదు. ఒక్కటీ చూసి తొక్కలేదు.

పోయిన ఆదివారం నేనొక్కణ్ణే ఇదే దారిలో బండి నడుపుకుంటూ మేకుల కొట్టుకి వెళ్ళొచ్చాను. ఈల వేసుకుంటూ వెళ్ళొచ్చాను.

వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. నోరీన్ కదలకుండా నా వైపే చూస్తోంది. ఆమె మొహం చూడాలంటే చెవి వైపు చూడాలి కదా, అలా చూశాను. ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, దాచడానికి ఏముంది. సెప్టెంబరు దాకా ఆగక్కర్లేదని, తాళం ఇవాళ్టి నుంచే నీదని ఆమెతో చెప్పాను.

"సరే," అని, కళ్ళు తుడుచుకుని, అద్దంలో వెనక్కి చూసుకుని, బండి పోనిచ్చింది.

ఎల్డన్